ఎర్రగీత దాటిన ముల్లు

క్యామ్‌షాఫ్టుల మేస్త్రి గారికి,

నమస్కారం. మీరు నన్నెరగరు. మీ షెడ్డు చిరునామా ఓ పాత సామాన్ల పెట్టె మీద చూసి రాస్తున్నాను. మాదొక డీజిల్ టిప్పర్ లారీ. దాని మొదటి యజమాని సరదాపడి పెద్ద టర్బో, పెద్ద నాజిళ్ళు పెట్టించి, సరదా తీరాక మాకు అమ్మేశాడు. నాన్న మోకాలు క్లచ్‌తో పోట్లాడి ఓడిపోయాక, పోయినేడాది నుంచి నేనే నడుపుతున్నాను. డిగ్రీ గోడ మీద ఉంది, నేను లారీలో ఉన్నాను.

వచ్చిన చిక్కల్లా రాళ్ళ క్వారీలోంచి పైకొచ్చే ఎత్తు దగ్గర. రెండు నెలలుగా ఇదే వరస. లోడుతో సగం ఎక్కేసరికి ఇంజను వేగం చూపే మీటరు ముల్లు ఎర్రగీత తాకుతుంది. పై గేరుకి మారుస్తాను. అంతే, బండి నల్లపొగ కక్కి నీరసపడి ఆగిపోతుంది. పై వేగాల్లో బాగా లాగే క్యామ్ వేస్తే ఎక్కుతుందని చదివాను. నెలాఖరులోగా ఎక్కకపోతే నాన్న లారీ అమ్మేస్తాడట. నన్ను పిన్ని పనిచేసే ఆఫీసులో కుర్చీలో కూర్చోబెడతారట. ఏ క్యామ్ వెయ్యాలో చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఇట్లు,
లారీ అమ్మాయి

తా.క. ఆ కుర్చీ చూసొచ్చాను. దానికి చక్రాలున్నాయి. "నీకు చక్రాలంటే ఇష్టమేగా" అంటోంది పిన్ని.

*

చిరంజీవి లారీ అమ్మాయికి,

ఆశీస్సులు. క్యామ్ అంటే చెప్పుల జత కాదు, సైజు చెప్పి తెప్పించుకోడానికి. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచుండాలో ఇంజనుకి చెప్పే కడ్డీ అది. ఎక్కువసేపు తెరిచుండేలా కోస్తే పరుగులో బాగుంటుంది, నెమ్మదిలో మొద్దుబారుతుంది. తక్కువసేపైతే దీన్నే తిరగేసి చదువుకో. రెండూ కావాలనే వాళ్ళకోసం మా షెడ్డు బయట బల్ల వేయించాను, కూర్చుని ఆలోచించుకోవచ్చు.

కాబట్టి ముందు ఇవి చెప్పు. లోడెంత? ఎత్తు మీద ఇంజను ఏ వేగంలో ఉంటుంది? నడిపేదెవరు, ఎలా నడుపుతారు?

ఇట్లు,
మేస్త్రి

తా.క. మూడో ప్రశ్నకి అందరూ అబద్ధమే రాస్తారు. ఇంటిముందున్న బండి గురించి కాకుండా కలలో నడిపే బండి గురించి రాస్తారు.

*

మేస్త్రి గారికి,

నమస్కారం. మర్యాదగానే మొదలుపెడుతున్నాను. నడిపేది నేనేనని మొదటి ఉత్తరంలోనే రాశాను. మళ్ళీ అడిగారంటే నమ్మలేదన్నమాట. లోడు పది టన్నులు. ఎత్తు మీద ముల్లు నిమిషానికి మూడువేల రెండొందల చుట్లు చూపిస్తుంది. ఖాళీ బండితో బజార్లో వెళ్తున్నా మూడువేలకి అటూ ఇటూ. ఇంజనుకీ నాలాగే కుదురు లేదంటారు మా ఇంట్లో. ఇదంతా మెలకువలోనే రాశాను.

ఇట్లు,
నడిపే మనిషి

తా.క. నాన్న రోజూ పక్కసీట్లోనే ఉంటాడు. కావాలంటే సాక్ష్యం చెప్పిస్తాను.

*

అమ్మాయ్,

పది టన్నుల రాళ్ళతో మూడువేల రెండొందలా? ఆ ఇంజన్లు అంత తిరగవు. తిరిగితే ముక్కలై తిరుగుతాయి. ఇలాంటి అంకెలు నాకు రాసేది బళ్ళ పందేల వాళ్ళొక్కళ్ళే. నువ్వు క్వారీ అని రాసినచోట నేను పందెం అని చదువుకోవాలని అర్థమైంది. నేను పందేలకి క్యామ్‌లు కొయ్యను. ఒకప్పుడు ఒకడికి కోశాను. ఇప్పుడు ఎడంచేత్తో ఉత్తరాలు రాస్తుంటాడు. బుద్ధిగా నడుపుకో. లేదా మీ నాన్నచేత రాయించు.

ఇట్లు,
మేస్త్రి

తా.క. ఎర్రగీత అలంకారానికి గీసింది కాదు.

*

మేస్త్రి గారూ,

పందెమా? నిన్న అదే ఎత్తు మీద, సైకిలు తోసుకుంటూ నడిచే మనిషి నన్ను దాటిపోయాడు. పోతూ పోతూ కిటికీలోకి తొంగిచూసి "ఏమ్మా, బాగున్నావా" అని అడిగాడు. ముల్లు గీత తాకితే చాలు, నేను గేరు మార్చేస్తాను. అంత పద్ధతైన మనిషిని. పుట్టిన దగ్గర్నుంచీ నన్ను మెచ్చుకోని నాన్న కూడా ఈమధ్య మెచ్చుకుంటున్నాడు. లారీ ఎక్కుతాడు, ముల్లు వైపోసారి చూస్తాడు, నా వైపోసారి చూస్తాడు, నిద్రపోతాడు. నేను నడుపుతుంటే ఆయన కళ్ళు మూసుకోవడం ఇదే మొదలు. ఆయనచేత మాత్రం రాయించను. క్యామ్ కోస్తారా, నన్ను కుర్చీ ఎక్కమంటారా?

ఇట్లు,
సైకిలు చేతిలో ఓడిన పందెగత్తె

తా.క. ఎడంచేత్తో రాసే ఆయన దస్తూరి మీ దస్తూరి కంటే నయంగా ఉంటుందా?

*

అమ్మా,

సైకిలు దగ్గర నేనూ ఓడిపోయాను. నువ్వు చెప్పిన వేగానికి తగ్గట్టు, వాల్వులు ఎక్కువసేపు తెరిచుండేలా కోశాను. పొద్దున్నే స్టార్టవడానికి మొరాయిస్తుంది. రెండువేల లోపు అస్సలు లాగదు. అయినా నీకు రెండువేల లోపు పనేముంది? బిగించేముందు వాల్వులు పిస్టన్లకి తగలకుండా చూసుకో. పెట్టె పంపుతున్నాను.

ఇట్లు,
మేస్త్రి

తా.క. దస్తూరి చాలా నయం. తిట్లు కూడా గుండ్రంగా రాస్తాడు.

*

మేస్త్రి గారికి,

నమస్కారం. పెట్టె అందింది. విప్పలేదు. కోప్పడకుండా చదవండి.

నిన్న లోడుతో ఎత్తు మొదలుపెట్టగానే డైనమో బెల్టు తెగింది. ముల్లు సున్నా మీద పడుకుంది. ఇంజను మాత్రం హాయిగా తిరుగుతోంది. ఆ ముల్లు ఇన్నాళ్ళూ చూస్తున్నది ఇంజనుని కాదు, డైనమోని అని అప్పుడు తట్టింది. ఎత్తు మీద ఆగితే బండి మళ్ళీ కదలదు. చూడ్డానికేమీ లేదు కనక విన్నాను. రోజూ గేరు మార్చే చోటు వచ్చింది. ఇంజను మార్చమనలేదు. నేను మార్చలేదు. గొంతు ఇంకాస్త పెంచి లాగింది. నాన్న ఉలిక్కిపడి లేచి, "ముల్లేదే, ముల్లేదే" అన్నాడు. అప్పటికి మేం పైనున్నాం.

దిగి చూస్తే డైనమోకి ఉండాల్సినదానికంటే బాగా చిన్న పుల్లీ ఉంది. పుల్లీ చిన్నదైతే డైనమో ఎక్కువ తిరుగుతుంది, ముల్లు ఎక్కువ చూపిస్తుంది. పాపం ఇంజను ఊపిరి తీసుకునేలోపే నేను గేరు మార్చేస్తున్నాను. నాకు తొందరెక్కువని చిన్నప్పట్నుంచీ అందరూ అంటారు, ఎప్పుడూ నమ్మలేదు. మీటరు అంటే మాత్రం నమ్మేశాను.

మీ క్యామ్ వెనక్కి పంపుతున్నాను. మన్నించండి.

ఇట్లు,
ఎత్తెక్కిన అమ్మాయి

తా.క. పుల్లీ వెనకవైపు చిన్న నెలవంక గుర్తు కొట్టి ఉంది. ఎవరో ఆ మహానుభావుడు.

*

అమ్మా,

ఆ మహానుభావుణ్ణి నేనే. నెలవంక నా గుర్తు.

ఆమధ్య ఒకాయన కర్ర ఊతంతో వచ్చి, చేతిలో డైనమో పుల్లీ పెట్టి, ఇంతకంటే చిన్నది కొయ్యమన్నాడు. ఎందుకయ్యా అన్నాను. "యాక్సిలరేటరు మీద మా పిల్ల కాలు బరువు. నా మాట వినదు, ముల్లు మాట వింటుంది" అన్నాడు. తెలివైన తండ్రని మురిసిపోయి టీ కూడా ఇప్పించాను. ఆయన మీ నాన్నని నాకేం తెలుసు?

నువ్వు నల్లపొగ అన్నప్పుడే ఇంజను వేగం చాలక మూలుగుతోందని పట్టుకోవాల్సింది. నేనూ ముల్లునే నమ్మాను, అదీ నా చేత్తో కోసిన అబద్ధాన్ని. నీ క్యామ్‌ని గోడకి తగిలించాను, రోజూ చూసి సిగ్గుపడ్డానికి. ఇంతకీ లారీ ఉంచారా, అమ్మేశారా?

ఇట్లు,
మేస్త్రి

తా.క. ఇవాళే నీ చిరునామా నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. "ఎత్తెక్కిన దగ్గర్నుంచీ పిల్ల రెచ్చిపోతోంది, ఇంకా చిన్న పుల్లీ కావాలి" అంటున్నాడు మీ నాన్న. ఏ సైజు కొయ్యమంటావో నువ్వే చెప్పు.

*

మేస్త్రి గారికి,

నమస్కారం. లారీ ఉంది. నిన్న నాన్న తాళంచెవి తన మేకు మీంచి తీసి నా మేకుకి తగిలించాడు.

ఆయన అడిగిన సైజే కొయ్యండి. నాకు తెలుసని మాత్రం చెప్పకండి. దారి పొడుగునా ముల్లు మాట వింటాను. ఆయన నిద్రపోతాడు. ఎత్తు మొదలయ్యేసరికి గుర్రు పెడుతుంటాడు. ఇంజను చప్పుడు, నాన్న గుర్రు, రెండూ వింటూ గేరు ఎప్పుడు మార్చాలో ఇప్పుడు నాకు తెలుసు.

ఇట్లు,
మీ లారీ అమ్మాయి

తా.క. ఆ చక్రాల కుర్చీని పిన్ని నాన్నకి తెచ్చిచ్చింది, మోకాలికి సుఖంగా ఉంటుందని. ఇల్లంతా దాని మీదే తిరుగుతున్నాడు. మలుపుల దగ్గర కూడా తగ్గడం లేదు. దానికేదైనా పుల్లీ కొయ్యగలరా?