చెట్ల చాటు నీళ్లు

బంగారు చెల్లీ,

నువ్వు బాగున్నావనే అనుకుంటున్నాను. బాగా లేకపోతే మెల్లగా రాయి, నాకసలే గుండె దడ.

మా అల్లుడి సంగతి తెలుసుగా. కింద రెండు పడవలు తగిలించుకుని సరస్సు మీంచి లేచే విమానం ఉంది చూడు, అది నడుపుతాడు. మనిషి నిండా గొప్పలే. తల దువ్వుకోకుండా విమానం ఎక్కడు, చూసేవాళ్లెవరో మరి! అమ్మాయికీ లైసెన్సు ఉంది. వీడు చెయ్యి పెట్టనిస్తేగా?

మొన్న పొద్దున్నించీ గాలి ఒకటే విసుర్లు. కాసేపు ఊరుకుంటుంది, ఉన్నట్టుండి వచ్చి దండెం మీద దుప్పట్లు ఎత్తుకుపోతుంది. షికారుకొచ్చిన షావుకారమ్మకి బట్టలు తడవకూడదట. సరస్సు మధ్యలో అలలు కదా, అందుకని విమానాన్ని ఒడ్డునున్న పెద్ద చెట్ల చాటున నీళ్లు కదలని చోటికి తీసుకెళ్లాడు. కింద గాలి లేదని మురిసిపోతే, చెట్లు దాటగానే అది పైన కాసుకుని ఉంటుంది. ఈ ముక్క అన్నం తింటూ వందసార్లు చెప్పింది ఈ మహానుభావుడే!

నేను రేవులో ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాను. విమానం కొమ్మలదాకా లేచిందో లేదో, గాలి కొట్టిన కొట్టుకి ఓ రెక్క వాలిపోయింది. కింది పడవ కొమ్మల్ని గీసుకుంటూ పోయింది. లోపల నా కూతురుంది చెల్లీ! ఫ్లాస్కు ఎక్కడ పడేశానో కూడా తెలీదు.

దిగొచ్చి, "గాలి కదా అత్తయ్యా" అని పళ్లికిలించాడు.

"గాలొస్తే చెట్లకింద దూరమని ఎవరు చెప్పారు నీకు? బుర్ర ఉందా, దాన్నీ షావుకారమ్మకి అద్దెకిచ్చావా?" అన్నాను. తలొంచుకున్నాడు. సిగ్గులేని మొహం.

అమ్మాయిని తీసుకుని నీ దగ్గరికి వచ్చేస్తున్నాను. వెనక గది ఖాళీ చేయించు.

దిగులుతో,
అక్క

చెల్లీ,

గది అలాగే ఉండనియ్యి, రావడం లేదు.

పెట్టె సర్దుతూ, "ఆ తెలివితక్కువవాడి దగ్గర ఇంక వద్దే" అన్నాను. అమ్మాయి చేతిలో చీర పక్కన పెట్టింది.

"నడిపింది నేనమ్మా. ఆయన అలల్లోంచే లేపమన్నారు. ఆవిడ గోల పడలేక నేనే అటు తిప్పాను. కొమ్మలు తగిలాక ఆయనే అందుకుని సరిచేశారు."

"మరి నేనన్ని తిట్లు తిడుతుంటే నోరెత్తడేం?"

"నా తప్పని తెలిస్తే నువ్వు మంచం పడతావని."

చూశావా, ఎంత వెధవ మంచితనమో! నోరు తెరిచి చెబితే నాకీ అవమానం తప్పేది కాదూ?

ఇంకా విను. మళ్లీ నేర్చుకునేదాకా విమానం ముట్టుకోవద్దని వాడు దానికి చెప్పాడట. దానికి రోషం వచ్చింది. మీ ఊళ్లో ఏదో విమానాల కంపెనీ ఉద్యోగానికి పిలిచిందట, ఒంటరిగా నడపొచ్చట. నాతో బయల్దేరింది నా మీద ప్రేమతో కాదన్నమాట! పెట్టెలో బట్టలన్నీ మంచం మీద గుమ్మరించాను. అది అరిచింది. నేను అంతకన్నా పైకి అరిచాను.

తరవాత అల్లుడి దగ్గరికెళ్లి, క్షమాపణలు గట్రా ఏం చెప్పలేదులే, "దానికి సరిగ్గా నేర్పు, ఎన్నాళ్లయినా సరే" అన్నాను.

"మీరూ వెనక కూర్చోండి అత్తయ్యా. నా మాటంటే దానికి అలుసు. మీ అరుపు వింటే చెట్లవైపు కన్నెత్తి చూడదు" అన్నాడు, మళ్లీ అదే ఇకిలింపుతో.

నాకు ఈత రాదు, మేడ మీంచి కిందికి చూడాలన్నా భయం. అయినా రేపు ఎక్కుతున్నాను. నోరు మాత్రం బాగానే ఉంది.

నీ అక్క