మాన్‌స్టర్‌కి ఎన్ని పళ్ళు

జూన్ 4, ఆదివారం

మళ్ళీ నవ్వారు. ముగ్గురూ.

రెండు వారాలు కూర్చుని తయారుచేసిన మాన్‌స్టర్. మూడు వరసల పళ్ళు, ఒళ్ళంతా చీము. స్పేస్‌షిప్ గోడలు నాకుతూ వస్తుంది. తలా ఒక పాత్ర వేసుకుని, డైస్ వేస్తూ కథలా ఆడే మా ఆదివారం ఆటకి గేమ్ మాస్టర్‌ని నేను. కథ చెప్పేదీ నేనే, భయపెట్టాల్సిందీ నేనే. కెప్టెన్‌గా ఆడే తమ్ముడు ఛీ అని ముక్కు మూసుకుని, డైస్ వేసి, దాన్ని కాల్చిపారేశాడు. పైలట్ మా ఎదురింటి బస్సు డ్రైవరు. అక్కా, ఇది మా డిపో బాత్రూమ్ కంటే నయమే అన్నాడు. షిప్ డాక్టరు మా చెల్లి. పళ్ళు తగ్గించక్కా, నీకు లోకమంతా పళ్ళే కనిపిస్తాయి అంది.

నిజమే. డెంటల్ ల్యాబ్‌లో కట్టుడుపళ్ళు చేసి బతికేదాన్ని, ఇంకేం కనిపిస్తాయి?

జూన్ 6, మంగళవారం

చెల్లి అద్దెకుంటున్న గది ఓనరుకి కొత్త పళ్ళసెట్టు పూర్తయింది. పాతది వదులైందట. పైనా కిందా కలిపి ఇరవై ఎనిమిది. రంగు చూడ్డానికి క్లినిక్‌కి నేనే వెళ్ళాను. మర్యాదస్తుడు. మీ చెల్లెలు మా అమ్మాయిలాంటిదమ్మా అన్నాడు. ముందుపళ్ళు ఇంకొంచెం తెల్లగా కావాలన్నాడు. చేసిచ్చాను.

జూన్ 9, శుక్రవారం

అసహ్యం వేరు, భయం వేరు. అసహ్యం వేస్తే మనిషి వెనక్కి జరుగుతాడు. జరగడానికి చోటుంటే ఇక భయమెందుకు?

చెల్లి మాట ఒకటి గుర్తొచ్చింది. సబ్బు మీద ఎవరిదో పొట్టి వెంట్రుక ఉందనీ, ఆఫీసు నుంచి వచ్చేసరికి టూత్‌బ్రష్ తడిగా ఉంటోందనీ పోయిన నెల గొణిగింది. అన్నీ నీ అనుమానాలే అని కొట్టిపారేశాను. గేమ్‌కి మాత్రం భలే పనికొస్తుంది.

జూన్ 11, ఆదివారం

పళ్ళు లేవు, చీము లేదు. అసలు మాన్‌స్టరే కనిపించదు. డాక్టరు డ్యూటీ దిగి క్యాబిన్‌కి వస్తుంది. వేసిన తాళం వేసినట్టే ఉంది. పక్క సర్ది ఉంది. నీ టూత్‌బ్రష్ తడిగా ఉంది అన్నాను. అంతే.

ఎవరూ నవ్వలేదు. డ్రైవరు ఎత్తిన టీ కప్పు కింద పెట్టేశాడు. తమ్ముడు కెప్టెన్ గొంతుతో, అంతా నీ భ్రమ డాక్టర్, షిప్‌లో మనం తప్ప ఇంకెవరున్నారు అన్నాడు. ఆ మాట నేను రాసివ్వలేదు, వాడే అన్నాడు. భలే కుదిరిందని లోలోపల పొంగిపోయాను కూడా.

చెల్లి డైస్ వెయ్యలేదు. లేచి సింకు దగ్గరికెళ్ళి వాంతి చేసుకుంది.

సాయంత్రం 6

బ్రష్ తడిగా ఉండటం ఆగిపోలేదట. చెల్లి నాతో చెప్పడం మాత్రమే ఆపేసిందట. బ్రష్‌ని బ్యాగులో వేసుకుని ఆఫీసుకి తీసుకెళ్తోందట. అప్పట్నుంచి టవల్ తడిసి ఉంటోందట. తాళం మార్చమని ఓనరునే రెండుసార్లు అడిగిందట. ఆయన అయ్యో పాపం అన్నాడట. రెండో తాళంచెవి ఉన్నదీ ఆయన దగ్గరే, దొంగ చేతికి తాళాలిచ్చినట్టే ఉంది.

చెప్తే మళ్ళీ అనుమానం అంటావని ఊరుకున్నానక్కా అంది. నా మీద నాకే రోత పుట్టింది. దాని భయాన్ని నమ్మలేదు సరికదా, ఎత్తుకొచ్చి ఆటలో పెట్టి మెప్పు కొట్టేద్దామనుకున్నాను.

జూన్ 13, మంగళవారం

సెలవు పెట్టాను. చెల్లి నన్ను గదిలో ఉంచి, బయట తాళం వేసుకుని ఆఫీసుకి వెళ్ళింది. బ్రష్ కావాలనే వదిలి వెళ్ళింది. తమ్ముడూ డ్రైవరూ వీధి చివర నిలబడ్డారు. నేను బీరువా పక్కన.

పదీ నలభైకి తాళం తిరిగింది. ఓనరు. చెప్పులు విప్పి మరీ లోపలికి వచ్చాడు, మర్యాదస్తుడు కదా. కూనిరాగం తీస్తూ నేరుగా బాత్రూమ్‌లోకి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు. పుక్కిలించిన చప్పుడు. ఇలాంటి గదిలో చెల్లి నెలరోజులు పడుకుంది.

ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి తలుపు తోశాను. పళ్ళసెట్టు ఎడమచేతిలో పట్టుకుని చెల్లి బ్రష్‌తో తోముతున్నాడు. నేను చేసిన సెట్టే. సందుసందునా, శ్రద్ధగా. బోసినోటితో నవ్వి, పైపు లీకవుతోందేమో చూద్దామని వచ్చానమ్మా అన్నాడు.

తమ్ముణ్ణి ఎంత గట్టిగా పిలిచానో, ఇప్పటికీ గొంతు రావడం లేదు.

జూన్ 14, బుధవారం

స్టేషన్‌లో కంప్లయింట్ ఇచ్చాం. పెద్దాయన కదా, మీరే పొరబడ్డారేమో అన్నారు. ఫోన్ చూపించాను. ఇక ఎవరూ ఆ మాట అనలేదు.

జూన్ 18, ఆదివారం

ఆడలేదు. చెల్లి నా దగ్గరే ఉంటోంది. బాత్రూమ్‌కి వెళ్ళినప్పుడల్లా బ్రష్ ముట్టుకుని చూస్తోంది.

జూన్ 25, ఆదివారం

ఆ కథ ముగించమని చెల్లే అడిగింది. మాన్‌స్టర్ వివరాలు రాసే షీట్ తానే నింపుతానంది. ఎత్తు: అయిదడుగుల అయిదు. ఆయుధం: తాళంచెవి. పళ్ళు అన్న చోట ఆగి, పెన్ను నా చేతికిచ్చింది.

ఇరవై ఎనిమిది అని రాశాను. పక్కనే, నేను చేసినవి అని కూడా.