చెంచా కింద చెయ్యి

సోమవారం, మధ్యాహ్నం

పిచ్చుకా,

నా దస్తూరీ చూసి కంగారుపడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. మీ ఇంట్లో ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది, నేను సగం చెప్పేసరికి వెనకనుంచి మీ ఆయన "ఊఁ, తర్వాత?" అంటాడు. మా ఇంట్లోనా, గోడలు పల్చన, అత్తగారివి పాము చెవులు. పది రోజులుగా గొంతులో ముల్లులా ఉన్న సంగతి ఇది. పొద్దున దేవుడి ముందు కూర్చుంటే ప్రార్థన సగంలో అదే అడ్డొస్తోంది, మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతున్నాను. ఇంక లాభం లేదని మా ఆయన పాత డైరీలోంచి నాలుగు కాగితాలు చింపుకుని కూర్చున్నాను.

ఒక్క ముక్కలో చెప్పేస్తాను. నేను అబద్ధమాడాను. నోటితో కాదు, పళ్ళెంతో.

మా ఇంటి పద్ధతి నీకు కొంత తెలుసు. పొయ్యి మీద ఏది ఉడికినా దించేముందు ఒక చెంచాడు తీసుకెళ్ళి అత్తగారి నోటికి అందించాలి. ఆవిడ కళ్ళు మూసుకుని, నాలుక మీద అటూ ఇటూ తిప్పి, తల ఊపితేనే అది వంట. "ఉప్పు" అంటే ఉప్పు. "ఇంకాసేపు" అంటే ఇంకాసేపు. నా పెళ్ళైన ఏడాది ఒకసారి, ఇంటినిండా మనుషులున్నప్పుడు, నా చెంచా రుచి చూసి ఆవిడ అన్నారు: "పాపం మంచి పిల్లే, చేతికే రుచి లేదు." అంతే. తిట్టలేదు, కసరలేదు. ఆ రోజునుంచి తరగడం నాది, కడగడం నాది, పొయ్యి దగ్గర నిలబడటం తోడికోడలిది. ఇన్నేళ్ళలో ఈ మాట నీకు కూడా చెప్పలేదు. చెప్తే నువ్వు నవ్వించేస్తావు, నాకేమో ఏడవాలని ఉండేది.

మూడేళ్ళ కిందట బావగారివాళ్ళు పక్క వీధికి మారారు. అత్తగారు మా దగ్గరే ఉన్నారు కాబట్టి పొయ్యి నాకు వచ్చింది. నా చెంచాకి తల ఊపేవారు కాదు, "ఏదోలే, కడుపు నిండుతుంది" అనేవారు. మొన్న చలికాలంలో ఆ పెద్ద జ్వరం వచ్చి తగ్గాక ఎందుకో మెత్తబడ్డారు, ఏం పెట్టినా తల ఊపుతున్నారు. ముసలితనం అనుకున్నాను.

ఈలోగా మా అమ్మాయి ఉద్యోగం మారి వెళ్తూ తన ఓవెనూ, చిన్న త్రాసూ నా దగ్గర వదిలేసింది. "కేకుకి చేతివాటం అక్కర్లేదమ్మా, గ్రాములు చాలు" అంది. ఆ మాట నన్ను పట్టుకుంది పిచ్చుకా. గ్రాములకి ఎవరి చెయ్యైనా ఒకటేగా. రెండు వందలంటే నా చేతిలోనూ రెండు వందలే. మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తున్నప్పుడు చేసేదాన్ని. మొదటిది ఇటుక. రెండోది అడుగు మాడింది. మూడోది మా ఆయన టీలో ముంచుకుని "ముంచితే బాగుంది" అన్నారు. మా ఆడపడుచు నాకు కొలతమ్మ అని పేరు పెట్టింది.

అత్తగారి ఎనభయ్యో పుట్టినరోజుకి మూడు అరల చాక్లెట్ కేకు చేస్తానని నేనే గొప్పకి పోయి చెప్పాను. ఒక లోతైన గిన్నెలో కాల్చి, మూడు అరలుగా కోసి, మధ్యలో క్రీము, పైన అద్దంలా మెరిసే పూత. గుడ్లు నురగ తేలేదాకా గిలకొట్టాను, వెన్న మెత్తబడనిచ్చాను, పిండి రెండుసార్లు జల్లించాను. ఓవెన్లో పెట్టాను. ఇరవై నిమిషాలయ్యాక ఏం చేశానో తెలుసా? తలుపు తీసి, గిన్నె బయటికి లాగి, సగం ఉడికిన కేకు నడిబొడ్డున చెంచా గుచ్చి, తీసుకెళ్ళి అత్తగారి నోటికి అందించాను! ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి దానంతట అదే వెళ్ళిపోయింది. ఆవిడ తల ఊపారు. తిరిగొచ్చేసరికి కేకు మధ్యలో నుయ్యి.

అది చాలదన్నట్టు, పిండి డబ్బా వెనక పంచదార గిన్నె కనిపించింది. గ్రాముతో సహా తూచి పెట్టుకున్నది, అలాగే ఉంది, ఒక్క పలుకు కూడా వేయలేదు. అంచు తుంచి తిన్నాను. చేదు. మరి అత్తగారు తల ఎలా ఊపారు? కేకు సంగతి ఆవిడకేం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆలోచించే తీరికేదీ, గంటలో అందరూ వచ్చేస్తున్నారు. వీధి చివర కొట్టుకి వెళ్ళి అచ్చం అలాంటిదే కొన్నాను. ఇంటికి తెచ్చి నా గాజు పళ్ళెంలోకి జార్చి, అట్టపెట్టె నాలుగు మడతలు పెట్టి కింద చెత్తడబ్బాలో పడేశాను. దొంగ చేతులు ఎంత చకచకా పనిచేస్తాయో!

అత్తగారు రెండు ముక్కలు తిన్నారు. అందరి ముందూ నా వైపు చూసి, "ఇన్నేళ్ళకి నీ చేతికి రుచి వచ్చిందే" అన్నారు. మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు. ఆ మాట కోసం ఇరవై తొమ్మిదేళ్ళు ఎదురుచూశాను. తీరా వచ్చి, అది కొట్టువాడి చేతికి వెళ్ళింది.

నీ అక్క


గురువారం

పిచ్చుకా,

నీ జవాబు ఇంత త్వరగా అందుతుందనుకోలేదు. "ఇంకోటి కొనేసి, తర్వాత ఓవెను పాడైందని చెప్పు" అని రాశావు. నువ్వు బడిలో పిల్లలకి నీతి కథలు చెప్పే టీచరువేనా?

ఇక్కడ పరిస్థితి ముదిరింది. ఈ ఆదివారం మళ్ళీ అందరూ వస్తున్నారు. అత్తగారే పిలిచారు, "ఆ కేకే చెయ్యి" అని మరీ చెప్పారు. ఆడపడుచు ఫోను చేసి "నాకు నేర్పాలి, ఒక్క గ్రాము దాచినా ఊరుకోను" అంది. మా ఆయన గడియారాల కొట్టుకి వచ్చిన వాళ్ళందరికీ, వాచీ బాగుచేస్తూ, నా కేకు గురించి చెప్తున్నారట. పొద్దున కూరగాయల దగ్గర ఒకావిడ "మీరేనా అండీ ఆ కేకావిడ?" అంది. నా చేతిలోంచి సొరకాయ జారిపోయింది.

కాలు ఒక చోట నిలవడం లేదు. బట్టలు ఆరేయడానికి వెళ్ళి ఆరేయకుండా వచ్చేస్తున్నాను. ఈ వారంలో నాలుగు కేకులు చేశాను. ఒకటి పొంగి గిన్నె దాటి ఓవెను అడుగున పడింది. ఒకటి బాగానే ఉందనుకుని కోస్తే లోపల జావ. పూత చల్లారకముందే పోస్తే కారిపోయింది, ఆగి పోస్తే ముద్దకట్టింది. ఇరుగుపొరుగువాళ్ళు ముక్కలు తిని తిని ఇప్పుడు నన్ను చూస్తే తలుపేసుకుంటున్నారు.

నిన్న మా ఆయన ఎక్కడో ఒక థర్మామీటరు సంపాదించి ఓవెన్లో పెట్టారు. మీట నూట ఎనభై చూపిస్తుంటే లోపల నూట యాభయ్యే ఉంది. "చూశావా, తప్పు నీది కాదు. ఇంతకాలం ఇది నీకు అబద్ధం చెప్తోంది" అన్నారు, ఏదో దొంగని పట్టుకున్నట్టు. నాకు మొహం చెల్లలేదు. ఈ వంటింట్లో అబద్ధం చెప్పింది అదొక్కటేనా?

ఆయనకి చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెప్తే గడియారాల కొట్టులో అందరికీ గొప్పగా చెప్పుకుంటున్న ఆయన మొహం ఏమవుతుందో అని మింగేశాను. అత్తగారికి చెప్పడమైతే ఊహకే అందడం లేదు. ఆవిడ ఇచ్చింది ఆ ఒక్క మాటే. తిరిగి ఇచ్చేస్తే నాకు ఇంకేం మిగులుతుంది చెప్పు?

కొనను. ఆ ఒక్కటి మాత్రం దేవుడి ముందు అనుకున్నాను. మిగతాది ఆదివారం చూడాలి.

నీ అక్క


సోమవారం

పిచ్చుకా,

కూర్చుని తీరిగ్గా చదువు. ఇది నేను ఊహించిన దారిలో వెళ్ళలేదు.

ఆదివారం పొద్దున ఆరింటికే మొదలుపెట్టాను. మీట రెండు వందల పది దగ్గర పెట్టాను, లోపల నూట ఎనభై రావడానికి. పంచదార గిన్నె కళ్ళెదుటే పెట్టుకుని అన్నిటికంటే ముందు వేశాను. ఓవెను తలుపుకి తువ్వాలు కట్టి ముడి వేశాను, నా చెయ్యి మీద నాకే నమ్మకం లేక. పొంగింది! మధ్యలో నుయ్యి లేదు. కోస్తే మూడు అరలూ నిలబడ్డాయి, కాకపోతే పై అర ఒకవైపుకి ఒరిగింది. పూత కూడా ఆ వైపుకే కారి, పళ్ళెం మీద చిన్న మడుగు కట్టింది. అందంగా లేదు. కానీ నాది.

కోసినప్పుడు రాలిన ముక్కలు చెంచాలోకి తీసుకుని అత్తగారి గదిలోకి వెళ్ళాను. ఆవిడ నోరు తెరిచారు. నా చెయ్యి కదల్లేదు.

"ఏమిటే, పెట్టు."

"అత్తయ్యా, పుట్టినరోజు నాడు మీరు తిన్నది నేను చేసింది కాదు. కొట్లో కొన్నాను. నాది పాడైపోయింది. మీరు నా చేతికి రుచి వచ్చిందన్నారు, నేను నోరు మూసుకున్నాను." అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

ఆవిడ నోరు మూశారు. దుప్పటి అంచు వేళ్ళతో చుట్టారు. తర్వాత "తలుపు వెయ్యి" అన్నారు.

వేశాను. చీవాట్లకి సిద్ధపడి నిలబడ్డాను.

"అది కొట్టుదో, నీదో, మట్టిదో నాకేం తెలుసు? ఆ జ్వరం తగ్గినప్పటినుంచి నాకు నోట్లో ఏమీ తెలియడం లేదు. ఉప్పు లేదు, తీపి లేదు. ఏం పెట్టినా తడి కాగితం నమిలినట్టే ఉంది."

పంచదార లేని ఆ చెంచా గుర్తొచ్చింది పిచ్చుకా. చేదు పిండికి కళ్ళు మూసుకుని తల ఊపిన మనిషి.

"మరి అందరి చెంచాలకీ తల ఊపుతున్నారుగా?"

"ఊపక? తెలియడం లేదని చెప్తే చెంచా తేవడం మానేస్తారు. ఇంక నా గదిలోకి ఎవరొస్తారు, ఎందుకొస్తారు?"

నేను మంచం అంచున కూర్చుండిపోయాను. డాక్టరుకి చెప్పాలి కదా అంటే, ఎప్పుడో చెప్పారట. వయసు, ఓపిక పట్టండి అన్నాడట. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని డాక్టరు దగ్గరే మాట తీసుకున్నారట.

"అయితే ఆ రోజు రుచి వచ్చిందని ఎందుకన్నారు?"

"నీ మొహం చూశాను. పళ్ళెం పట్టుకుని, శిక్ష వినబోయేదానిలా నిలబడ్డావు. ఎప్పుడో నేనన్న మాట నీకొక్కదానికే గుర్తుందనుకున్నావా? వెనక్కి తీసుకుందామంటే ఇన్నేళ్ళూ నా నాలుక ఒప్పుకోలేదు. అది చచ్చాక ఇంక అడ్డేముంది, అనేశాను." దుప్పటి అంచు వదిలేసి, "అయినా ఆ ఏడాది నీ కూరలో నిజంగానే ఉప్పు లేదమ్మాయ్" అన్నారు.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చెంచా ఇంకా చేతిలోనే ఉంది. ఆవిడ దాన్ని చూసి, గొంతు తగ్గించి, ఒక సంగతి చెప్పారు. చెంచా నోటికి అందించేటప్పుడు ఒలక్కుండా కింద చెయ్యి పడతాంగా, ఆ చేతి వేలితో ఆవిడ గడ్డం కింద తట్టాలి. ముందు నేను రుచి చూసి ఉండాలి. బాగుంటే ఒకసారి. ఉప్పు చాలకపోతే రెండుసార్లు. ఎక్కువైతే మూడు.

"నా చేతికి రుచి లేదన్నారుగా" అన్నాను. ఎప్పుడూ ఎదురు చెప్పనిదాన్ని, ఎలా వచ్చిందో.

"చేతికి లేదన్నాను. నాలుకకి లేదన్నానా?"

మధ్యాహ్నానికి అందరూ వచ్చారు. తోడికోడలు గిన్నె నిండా కూర తెచ్చింది. "వేడెక్కించి తెస్తాను" అని గిన్నె అందుకుని వంటింట్లో చూశాను. ఉప్పు తక్కువ. చెంచా నేనే తీసుకెళ్ళాను, రెండుసార్లు తట్టాను. అత్తగారు కళ్ళు మూసుకుని, నాలుక మీద తిప్పి, తొందరేమీ లేకుండా "ఉప్పు" అన్నారు. తోడికోడలు చూసుకుని "నిజమే! ఎనభయ్యేళ్ళొచ్చినా ఆ నాలుక చూడు!" అంది. అత్తగారు మెడ ఒక అంగుళం పైకెత్తారు.

కేకు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆడపడుచు చుట్టూ తిరిగి చూసింది. "ఏమ్మా కొలతమ్మా, పోయినసారి అద్దంలా ఉంది, ఈసారి ఇలా వంకరపోయిందేం?"

"పోయినసారిది నేను చేయలేదు వదినా. నాది కూలిపోయింది. వీధి చివర కొట్లో కొని నా పళ్ళెంలో పెట్టాను. చెప్పకపోవడం నాదే తప్పు."

ముందుగా తేరుకున్నది మా ఆయనే. "ఓవెను ముప్ఫై డిగ్రీలు తేడా" అన్నారు, కోర్టులో సాక్ష్యం చెప్తున్నట్టు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నాకు అప్పుడు ఆయన మీద ఎంత ప్రేమ వచ్చిందో రాయలేను.

ఆడపడుచు నవ్వాపుకుంటూ, "అయితే అమ్మ నాలుకని కూడా బోల్తా కొట్టించావన్నమాట" అంది.

"నన్నెవరే బోల్తా కొట్టించేది? నాకు ఆ రోజే తెలుసు. నలుగురిలో పిల్ల పరువు తీయడమెందుకని ఊరుకున్నాను" అన్నారు అత్తగారు. రెప్ప వేయలేదు పిచ్చుకా. అందరూ ఆవిడ పెద్దమనసుకి "ఆహా" అన్నారు. నేను నేల వైపు చూశాను.

"ఏదీ, ఇది నిజంగా నీదేగా. ఒక చెంచా ఇటు తే" అన్నారు.

తెచ్చాను. అందరూ చూస్తున్నారు. నోటికి అందించి, కింద చెయ్యి పట్టాక తెలిసింది, ఇది నేనే తేల్చాలని. కూరకైతే సులువు. నా వంటకి తీర్పు చెప్పడం నాకెప్పుడు వచ్చు? ఆవిడ కళ్ళు మూసుకుని, నాలుక మీద అటూ ఇటూ తిప్పుతూ, ఆగారు. ఎంతసేపైనా ఆగేలా ఉన్నారు. పొద్దున నేను తిన్న ముక్కలు గుర్తుచేసుకున్నాను. అంచు కాస్త ఎక్కువ కాలింది. మిగతాది మెత్తగా ఉంది, తీపి సరిపోయింది. దేవుడా, అబద్ధం కాకూడదు అనుకున్నాను. కాదు. బాగుంది.

ఒక్కసారి తట్టాను.

ఆవిడ తల ఊపారు.

పొద్దున ప్రార్థనలో ఆ కొన్న కేకు సంగతి అడ్డం రాలేదు, కానీ ఇంకోటి వచ్చి కూర్చుంది: ఒక అబద్ధం దించుకుని ఇంకోటి ఎత్తుకున్నానా అని. దీనికి నీ దగ్గర నీతి కథ ఉంటే రాయి. ఈలోగా అత్తగారు పిలుస్తున్నారు, చెంచా అందించే వేళైంది.

ఈ మూడు ఉత్తరాలూ చింపకు. నా సంగతి ఇప్పుడు అందరికీ తెలిసిందే, దానికి సిగ్గు లేదు. కానీ ఇందులో ఆవిడ గుట్టు ఉంది, అది నాది కాదు. నీ చీరల అడుగున దాచిపెట్టు. ఎవరికీ చూపించకు, మీ ఆయన "ఊఁ, తర్వాత?" అన్నా సరే.

నీ అక్క