నా మొద్దు, సైలు ఈగలు

శుక్రవారం రాత్రి, రుస్తాక్

పొద్దున మాకు పనిచ్చిన అరబ్బు సేటు, మా అర్బాబు, పక్క తోట సైలును భుజం తట్టి మెచ్చుకున్నడు, అదీ నా ముంగటనే. వాని డబ్బాలల్ల బయటి దేశం రాణీగలు, తేనె మస్తుగస్తది. నా తొలిచిన ఖర్జూరపు మొద్దులల్ల ఉన్నయి ఈ కొండల తేనెటీగలు. చిన్నయి, కోపమెక్కువ. పోయిన ఎండకాలం వాని డబ్బాలు సగం ఖాళీ అయినయి, నాయి ఒక్కటి గూడ పోలే. ఆ ముచ్చట మాత్రం ఎవ్వలు అడుగరు.

"రెండు రాణులు తెచ్చుకో అన్నా, నేనిప్పిస్త" అని నవ్విండు సైలు. వద్దన్న.

ఈ కొండల జాతి కల్తీ అయితే, ఎండకు ఆగే ఈగ మళ్ల ఏడ దొరుకుతది?

మధ్యాహ్నం నా మొద్దులకెళ్లి కొత్త రాణి మొదటిసారి బయటికెగిరింది. మగీగలతోని కలిసేది ఆకాశంలనే. రేగుచెట్ల మీద చూస్తే అన్నీ సైలు డబ్బాల పెద్ద మగీగలే. రెక్కలున్నదాన్ని ఎట్ల ఆపుత? జరసేపటికి తిరిగొచ్చి, సప్పుడు జెయ్యకుండ లోపలికి పోయింది.

నెల తిరిగితే దాని పిల్లలు బయటికొస్తయి. అవి తండ్రుల లెక్క పెద్దగుంటే, తేనె ఎక్కువస్తదని అర్బాబు సంబురపడతడు. అప్పుడు తట్టేది నా భుజమే, మెచ్చుకునేది మాత్రం సైలు ఈగలను.