సుడిదోమ మళ్లీ పడింది

ఏవండీ,

మీరు పోయాక ఇది రెండో సార్వా పంట. మన వరిచేలో మళ్లీ సుడిదోమ పడింది. పొద్దుటినుంచీ ఇంటికీ గట్టుకీ తిరుగుతూనే ఉన్నాను, కాలు నిలవడం లేదు.

మీ తమ్ముడు స్ప్రేయరు ఎత్తబోతుంటే ఆపి, పిచికారీ మందుకీ చేలో చల్లే గుళికలకీ తేడా ఏమిటని వ్యవసాయాఫీసరుగారిని అడిగాను.

"పిచికారీ మందు తగిలితే పురుగు నరాలు పడిపోతాయండీ. గుళికలైతే వేరు పీల్చుకుంటుంది, ఆ రసం తాగి దోమ చస్తుందండీ."

"మనిషికి తగిలితేనండీ?"

"మనిషికీ నరాలే కదమ్మా! గుళికలైనా ఒట్టి చేత్తో ముట్టకూడదండీ."

చొక్కా లేకుండా మందు కొట్టి మీరు గట్టుమీద పడిపోయిన రోజున ఈ మాట చెప్పేవాళ్లు లేకపోయారు.

"చేతులకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని గుళికలే చల్లవయ్యా," అన్నాను.

"ఆయ్, అలాగే వదినగారూ," అన్నాడు.

గుళికలు నిదానంగా పనిచేస్తాయట, సగం చేను దక్కేలా లేదు. మీ తమ్ముడు మాత్రం సాయంత్రం తన కాళ్లమీద నడిచి ఇంటికొచ్చాడు.