మోకాళ్లు కనిపించే ఫోటో

లెస్టర్,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు,

నీ తమ్ముడు సైదులు దండం పెట్టి రాస్తున్నాడు. ఇక్కడ నేను బాగున్నాను. మాటవరసకు కాదు, నిజంగానే బాగున్నాను. అక్కడ నువ్వు, బావ, పెండ్లికూతురు మౌనిక ఎలా ఉన్నారు? బీపీ గోలీలు రోజూ వేసుకుంటున్నావా, పెండ్లి పనుల్లో పడి మరిచిపోతున్నావా? మొన్ననే ఫోన్‌లో మాట్లాడినవాడు ఉత్తరం ఎందుకు రాశాడని పరేషాన్ కాకు. బావ ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెడతాడు, నడిగూడెంలో సగం ఊరు వింటుంది. ఇది నువ్వొక్కదానివే చదవాలి. చదివాక ఎవరికి చెప్పుకుంటావో నీ ఇష్టం.

గోదాములో పని అలాగే ఉంది. పొద్దంతా అట్టపెట్టెలు ఎత్తడం, దించడం. మొదట్లో నడుము పట్టేసేది, ఇప్పుడు అలవాటైంది. వాన మన దగ్గరిలాగా దంచి కొట్టి ఊరుకోదు, రోజంతా ముసురే. వంట నేనే చేసుకుంటున్నాను. నువ్వు పంపిన చింతకాయ తొక్కు సీసా అడుగుకు వచ్చింది, ఉన్న కొంచెం ఆదివారాలకు దాచుకున్నాను. కోదాడ శ్రీను ఒకే గదిలో ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే సాయంత్రాలు గోడలతో మాట్లాడుకోవాల్సి వచ్చేది. వాడూ నాతోపాటు గోదాములోనే పని చేస్తాడు.

ఇక అసలు మాట. మౌనిక పెండ్లికి సెలవు దొరకలేదని చెప్పాను కదా. అది అబద్ధం అక్కా. నేను సెలవు అడగనే లేదు. మేనమామను కాబట్టి పెండ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి ఎత్తుకు రావాలని నువ్వు చెప్పిన రోజే నా గుండెల్లో రాయి పడింది. బరువుకు భయం కాదు. గంప ఎత్తాలంటే వంగాలి, వంగాలంటే పంచె కాళ్లకు అడ్డం పడకుండా మోకాళ్ల పైకి ఎగగట్టాలి. సూర్యాపేట ఫంక్షన్ హాలులో, మగపెండ్లివాళ్ల ముందు, వీడియో లైట్ల కింద నా దొడ్డికాళ్లు బయటపడాలి.

నీకు తెలియంది కాదు. నిన్ను చిన్నప్పుడే మాడుగులపల్లిలో అమ్మమ్మ దగ్గర ఉంచారు కాబట్టి నీ కాళ్లు చక్కగా ఉన్నాయి. నేను పెద్దవూర పక్కన మన ఊళ్లోనే, ఆ బోరింగులోని ఫ్లోరైడ్ నీళ్లే తాగి పెరిగాను. ఎముకలు వంగిపోయాయి. బడిలో నవ్వడం మొదలుపెట్టాక లుంగీ పాదాల మీద పడేలా కట్టడం నేర్చుకున్నాను. నాట్లప్పుడు బురదలోకి కూడా ప్యాంటుతోనే దిగాను. ఊళ్లో మగవాళ్లు లుంగీ పైకి మడిచి కట్టుకుని తిరుగుతారు, పెద్దవాళ్లు ఎదురైతే గబుక్కున దించుతారు. నేను మడిస్తే కదా దించడానికి. అది చూసి నాయిన, కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు, "మా సైదులుకున్న మర్యాద ఎవ్వనికి లేదు. పెద్దోళ్ల ముందట ఒక్కనాడన్న లుంగీ మడిసి నిలవడలె" అని. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఉండేవాడిని. పోయేదాకా ఆయన అదే నమ్మాడు.

పోయిన నెల మూడు రోజులు ఖాళీ దొరికితే స్కాట్లాండు చూసి వద్దామన్నాడు శ్రీను. ఎడిన్‌బరో అనే ఊరికి బస్సులో పోయాం. గుట్ట మీద పెద్ద కోట ఉంది. అక్కడి వేషం వేసుకుని కోట ముందు ఫోటో దిగుదామని ముందే ఒక దుకాణంలో మాట్లాడి పెట్టాడు. కోటు, టోపీ, పొడుగు బూట్లు, రాజుల వేషం కాబోలనుకున్నాను. లోపలికి పోయాక చేతిలో కిల్ట్ పెట్టారు. కిల్ట్ అంటే అక్కడి మగవాళ్లు నడుముకు చుట్టుకునే గళ్ల గుడ్డ. మన గళ్ల లుంగీని సగానికి కోసి, ఉన్ని బట్టతో, వెనకాల కుచ్చిళ్లు పెట్టి కుట్టినట్టుంటుంది. పక్కన తోలు పట్టీలు, బకిల్స్. పొడవు మాత్రం మోకాళ్ల దాకే.

కుడితిలో పడ్డ ఎలుకలా ఆ చిన్న గదిలో కొట్టుకున్నాను. బయటి నుంచి శ్రీను, "ఒరేయ్, ఇంకెంతసేపురా? లోపల పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్నారా?" అంటున్నాడు. వద్దంటే ఎందుకని అడుగుతాడు. కాళ్ల సంగతి వాడికి కూడా చెప్పలేదు. చివరికి తెలివిగా లుంగీ కట్టినట్టు తుంటి మీదికి జార్చి కట్టి, మోకాళ్లు కప్పుకుని బయటికి వచ్చాను. దుకాణం ముసలాయన మెడలో టేపుతో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల అడ్డంగా ఊపి, పట్టీలు వదులు చేసి, గుడ్డను బొడ్డు దాకా లాగి బిగించాడు. ఆయన అటు తిరగగానే నేను కిందికి జార్చాను. మళ్లీ పైకి లాగాడు. మూడుసార్లు అయింది ఈ భాగోతం. ఆఖరికి నేల మీద కూర్చుని, అంచు మోకాలి చిప్ప నడిమికి వచ్చిందో లేదో వేలు పెట్టి చూశాడు. నా కాళ్లు ఆయన కళ్ల ముందే ఉన్నాయి. బడికి పోయే పిల్లవాడికి తొడిగినట్టు ఉన్ని మేజోళ్లు పైకి లాగి, అంచు మడిచి, లేచి భుజం తట్టాడు.

బయట గాలి అక్కా, చెప్పలేను. ఒక చెయ్యి గుడ్డ మీద, ఒక చెయ్యి టోపీ మీద. ప్రపంచమంతా నా మోకాళ్ల వైపే చూస్తుందనుకుని తల వంచుకుని నడిచాను. కాసేపటికి తల ఎత్తితే ఒక్కరంటే ఒక్కరు చూడటం లేదు. ఇన్నేళ్లు దాచిందానికి ఇదా విలువ అని కొంచెం చిన్నతనం కూడా అనిపించింది.

కోట మెట్ల దగ్గర నేనూ శ్రీనూ తెలుగులో మాట్లాడుకుంటుంటే ఒక పెద్దావిడ ఆగింది. చీర మీద స్వెటర్, తలకు మంకీ క్యాప్, కాళ్లకు బూట్లు. కూతురితో కలిసి ఊళ్లు చూడటానికి వచ్చిందట. పెద్దమనిషి ఎదురయ్యేసరికి నా చెయ్యి అలవాటుగా నడుము దగ్గరికి పోయింది, గుడ్డ కిందికి దించడానికి. అది దిగితేనా? ఏ ఊరు బిడ్డా అని అడిగింది. హైదరాబాద్ అన్నాను. ఆమె నా మొహం చూసి, మోకాళ్లు చూసి, మళ్లీ మొహం చూసింది.

"హైదరాబాద్ గాదు. గివి మా దిక్కు కాళ్లు. పెద్దవూర బోరింగు నీళ్లు తాగిన కాళ్లు యాడ సూసినా గుర్తువడ్త."

ఆమె పుట్టిల్లు మన ఊరికి దగ్గరేనట, మిర్యాలగూడకు ఇచ్చారట. చీర అంచు జానెడు పైకి ఎత్తి చూపించింది. అచ్చం నావే.

"నలబై ఏండ్ల సంది చీర కింద దాసిన. ఎవ్వలకు తెల్వది. నువ్వు మంచిగ బయటేసుకొని తిరుగుతున్నవ్. నీది ఎంత ధైర్యం బిడ్డా."

నాయిన గుర్తొచ్చాడు అక్కా. మళ్లీ నాది కాని గొప్ప నా నెత్తిన పెడుతున్నారు. ఈసారి ఊరుకోలేకపోయాను. ధైర్యం కాదమ్మా, ఈ గుడ్డ ఇంతకంటే కిందికి దిగడం లేదు, పొద్దుటి నుంచి లాగుతూనే ఉన్నానని చెప్పేశాను. ఆమె నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, గార పట్టిన పండ్లన్నీ కనిపించేలా నవ్వింది.

"దిగకుంటే పాయె. జర గాలి తగలనియ్."

శ్రీను అంతా విన్నాడు. ఫోన్ తీసి, కాసింత వెనక్కి జరిగి, మా ఇద్దరికీ పాదాల దాకా వచ్చేలా ఫోటో తీశాడు. నేను ఇన్నాళ్లు పంపిన ఫోటోలన్నీ నడుము దాకే ఉంటాయని నువ్వు గమనించే ఉంటావు. ఇది ఆ ఫోటోనే, కాగితం మీద తీయించి ఇందులో పెట్టాను. ఆ రోజు కోట పైదాకా ఎక్కి, ఆమె వెంట నిమ్మళంగా దిగి వచ్చాను. ఏళ్లుగా మోస్తున్న మూట ఎవరో అందుకుని కింద పెట్టినంత హాయిగా ఉంది.

తిరిగి వచ్చిన మర్నాడే సెలవు అడిగాను. ఇచ్చారు. పెండ్లికి వారం ముందే వస్తున్నాను. నీతో అబద్ధం ఆడినందుకు తిట్టాలనుకుంటే వచ్చాక తిట్టు, ఫోన్‌లో స్పీకర్ పెట్టి తిట్టకు.

గంప గట్టిది చూసి కొనమని బావకు చెప్పు. మౌనికను కడుపు మాడ్చుకోవద్దను, ఇక్కడి పెట్టెల కంటే అదేమీ బరువుండదు. ఇంకొంచెం చింతకాయ తొక్కు పెట్టి ఉంచు. మీ అత్తమ్మకు, ఇంట్లో పెద్దలకు నా దండాలు. నాయిన ఫోటో ముందు దీపం పెట్టినప్పుడు ఒక్క మాట చెప్పు: సైదులుది మర్యాద కాదు, భయం, ఇప్పుడు పోయింది.

నీ దీవెన ఉంటే చాలు. పంచె మోకాళ్ల పైకే కడతాను. వీడియో అతన్ని కాళ్ల నుంచి తీయమను.

నీ తమ్ముడు,
సైదులు