ఇరవై ఒకటో టిప్పు

మార్చి 3, సోమవారం. ఆత్మకూరు.

“అండమాన్‌కి మొదటిసారి వెళ్తున్నారా? ఈ 21 టిప్స్ మీకోసమే!” సైట్‌కి పంపేశాను. ఇరవైకే నా బుర్ర ఎండిపోయింది. ఎడిటర్ ఒప్పుకోలేదు. హెడ్డింగులో 21 ఉంటేనే జనం నొక్కుతారట. ఇరవై ఒకటోది ఫ్యాన్ కింద కూర్చుని సొంతంగా కల్పించాను: “ఒడ్డున తెల్లటి పగడపు రాళ్ళు ఊరికే పడి ఉంటాయి, గుర్తుగా ఒకటి తెచ్చుకోండి.” చదువుకుంటే నిజంగా నేనే వెళ్ళొచ్చినట్టు ఉంది.

నేను చూసిన సముద్రం మైపాడు ఒక్కటే. అదీ స్కూలు వాళ్ళు తీసుకెళ్తే.

మార్చి 6, గురువారం.

ఉదయగిరి నుంచి రెబెకమ్మ టీచర్ ఫోన్. ఆరో తరగతిలో నాకు తెలుగు చెప్పింది, సండే స్కూల్లో వాక్యాలు బట్టీ పెట్టించింది. చర్చి స్త్రీల సమాజం వాళ్ళు పన్నెండు మంది అండమాన్ టూర్ పోతున్నారట. నా ఆర్టికల్ చదివిందట. ఏం జెస్సీ, ఎప్పుడు పోయొచ్చినావు, నాకు ఒక్క మాటన్నా చెప్పలేదే అన్నది.

పోయిన సంవత్సరం టీచర్, అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చేసిందో నోట్లోంచి!

అంతటితో ఊరుకున్నా బాగుండేది. వాళ్ళాయన యేసురత్నం సార్ పోయి మూడేళ్ళు. రిటైరయినాక సముద్రం దాటి పోదామనేవాడు, ఉదయగిరి కొండ తప్ప ఏం చూడకుండానే పోయినాడు మహానుభావుడు, అన్నది. ఈస్టరుకి మావాళ్ళు సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, తెల్లారకముందే కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ రోజు సార్ సమాధి మీద పెట్టేదానికి అక్కణ్ణించి ఏమన్నా తేవచ్చునా అని అడిగింది.

ఇరవై ఒకటోది చూడండి టీచర్, అన్నాను.

చల్లగా ఉండు తల్లీ అన్నది.

మార్చి 7.

ఫోన్ చేసి నిజం చెప్పేయాలి.

మార్చి 9, ఆదివారం.

చెప్పలేదు.

మార్చి 13, గురువారం.

వాళ్ళ బస్సు ఆత్మకూరు మీదుగానే పోతుంది కదా, బస్టాండుకి వెళ్ళాను. చెబుదామనే వెళ్ళాను, ఒట్టు. టీచర్ కిటికీలోంచి నోట్‌బుక్ చూపించింది. ఫోన్లో అక్షరాలు ఆనడం లేదని నా టిప్స్ అన్నీ చేత్తో రాసుకుంది. గుండ్రటి అక్షరాలు, కింద గీతలు. వీళ్ళకి ఇరవై దాకానే చదివి చెప్పినా, రాయి సంగతి చెప్తే అందరూ ఎగబడి ఏరుకుంటారు అని నా చెవిలో చెప్పి నవ్వింది. అరవై ఆరేళ్ళ మనిషి! కొత్త చెప్పులు. చేతిలో సార్ పాత తువ్వాలు, రాయిని చుట్టడానికట.

మురుకుల పొట్లం చేతికిచ్చాను. కండక్టర్ విజిల్ వేశాడు.

మార్చి 19, బుధవారం. సాయంత్రం 6.

కృపారాణి అక్క అమ్మకు ఫోన్ చేసింది. స్త్రీల సమాజం సెక్రటరీ ఆమె, టూర్‌లో ఉన్న మనిషే. అమ్మ స్పీకర్ పెట్టింది. వినకూడదనుకుంటూనే అంతా విన్నాను.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో టీచర్ బ్యాగు ఆపారట. తువ్వాలు విప్పితే పిడికెడంత పగడపు రాయి. అక్కడ దాన్ని తీసుకురావడమే నేరమట, చట్టం ఉందట. నలభై నిమిషాలు పక్కన నిలబెట్టి, తెలియక తీసుకున్నానని రాయించుకుని వదిలేశారట. పదకొండు మందీ చూస్తున్నారట. ఇది తీసుకోవచ్చని నీకెవరు చెప్పారమ్మా అని అడిగితే, ఎవురూ చెప్పలా, నా ఆశే నన్నిట్ట చేసింది అన్నదట.

ముప్పై ఏళ్ళు పిల్లకాయలకి దొంగిలించొద్దని ఆజ్ఞలు నేర్పిన మనిషి గదమ్మా, ఇదేం బుద్ధి అన్నది కృపారాణి అక్క. అమ్మ చ్చొచ్చొచ్చో అన్నది. నేను అక్కడే బటానీలు ఒలుస్తూ కూర్చున్నాను.

అదే రోజు, 9 గంటలు.

సైట్‌లోకి వెళ్ళి ఇరవై ఒకటోది తీసేశాను. హెడ్డింగు 20 చేశాను. మంచి పని చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఇంకెవరూ మోసపోకూడదని అట! ఛీ. సాక్ష్యం చెరిపేశాను, అంతే.

ఏప్రిల్ 6, ఆదివారం.

సండే స్కూలు ఇప్పుడు కృపారాణి అక్క తీసుకుంటోందట. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమని పాస్టరుగారు టీచర్‌కి చెప్పారట. పిల్లలు రాళ్ళ టీచర్ అంటున్నారట. ఆమెకు ఆ క్లాసు తప్ప ఇంకేముంది? సార్ చనిపోయిన వారం కూడా ఆ క్లాసు మానలేదు.

అన్నం సయించడం లేదు. అమ్మ ఎండదెబ్బ అంటోంది.

ఏప్రిల్ 20, ఈస్టరు. ఉదయగిరి.

నిన్ననే పిన్నమ్మ ఇంటికి వచ్చాను. నాలుగు గంటలకే సమాధుల తోటకు వెళ్ళి మావాళ్ళ సమాధులకు సున్నం కొట్టాం. సార్ సమాధికి టీచర్ తనే సున్నం కొట్టుకుంది. మీద బంతిపూలు, కొవ్వొత్తి, ఇంకేం లేదు. ఆమె పక్కన నిలబడేవాళ్ళు కూడా లేరు.

పాటలయ్యాక పాస్టరుగారు, మనసులో ఉన్నది అందరి ముందు సాక్ష్యంగా చెప్పమన్నారు. లేచాను. దేవుడి తోడు, చెబుదామనే లేచాను. అందరూ నా వైపు తిరిగారు. నా ఉద్యోగం పర్మనెంట్ కావాలని ప్రార్థించండి, అన్నాను.

ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది టీచరే.

గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుంది. ఆరున్నరకి సూర్యాస్తమయం చూడమని రాసినావే, ఐదున్నరకే మునిగిపోయినాడే పిల్లా అన్నది. మేము పోయేసరికి కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. మొదటిరోజే అర్థమైపోయింది నువ్వు పోలేదని. వీళ్ళు నవ్వతా ఉంటే, పాప వేరే నెలలో పోయుంటాది, అప్పుడు పొద్దు ఎక్కువలే అని సర్ది చెప్పినా, అన్నది.

తెలిసి కూడా రాయి ఎందుకు తీసుకున్నారు టీచర్ అని అడిగాను.

ఒకటి తప్పు రాసినంత మాత్రాన బిడ్డ అన్నీ తప్పే రాస్తాదా అనుకున్నా, అన్నది. తిట్టినా బాగుండేది. పైట చెంగుతో నా మొహానికి అంటిన సున్నం తుడిచి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 24.

నోట్‌బుక్‌లో ఆ గుండ్రటి అక్షరాలే కళ్ళకు కడుతున్నాయి. నా అబద్ధాల కింద గీతలు.

ఏప్రిల్ 27, ఆదివారం. ఉదయగిరి.

చర్చిలో నిజం చెప్పడానికి మొదటిసారి వెళ్ళేవాళ్ళకు: ముందు వరుసలో కూర్చోండి, వెనక నుంచి నడవాలంటే చాలా దూరం. రాసుకున్న కాగితం పనికిరాదు, బైబిల్లోనే ఉండిపోతుంది. కృపారాణి అక్క వైపు చూడకండి. ఏడిస్తే ఏడవండి కానీ మధ్యలో ఆపకండి. టీచర్ ఆమెన్ అంటుందని ఎదురుచూడకండి, అనదు. లేచి, పిల్లల్ని పేరుపేరునా పిలుచుకుని, సండే స్కూలు గదిలోకి పోతుంది.

ఇది మాత్రం వెళ్ళొచ్చి రాస్తున్నాను.